శేషయ్య కాటాలో పది గ్రాములు

మా అన్న హేమంత్ మా కంపెనీ చరిత్ర రాశాడు. యాభై ఏళ్ల పండగకు పుస్తకం వేస్తాడట. "దూరదృష్టి గల మహనీయులు శ్రీ శేషయ్య గారు, ఖచ్చితత్వమే ఊపిరిగా, అనంతపురం గడ్డపై ఒక స్వప్నాన్ని నాటారు" అని మొదలుపెట్టాడు. దూరదృష్టి! మా తాత కళ్లద్దాలు మరిచిపోయి బయల్దేరితే ఎదురుగా వచ్చే ఎద్దులబండి కూడా కనపడేది కాదు. సైకిలుతో సహా శెనక్కాయల మూటల మీద పడ్డాడని మార్కెట్టు వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఆ పేజీ చదివి మా నాయన కళ్లు తుడుచుకున్నాడు. నాకేమో ఒళ్లు మండింది.

నా పేరు చాందిని. 'శేషయ్య కాటాలు' కంపెనీలో అమ్మకాలు చూసేది నేను. అమ్మకాలు అంటే ఏమీ లేదు, ఎండలో తిరగడం, టీలు తాగడం, "చూద్దాంలే పాపా" అనిపించుకుని రావడం. పారిశ్రామికవాడలో మాదొక రేకుల షెడ్డు. మూటలు తూచే కాటాలు చేస్తాం. ఒకప్పుడు ముల్లు తిరిగేవి, ఇప్పుడు అంకెలు వెలిగేవి. ఎక్కడెక్కడి నుంచో చౌకరకం కాటాలు వచ్చి పడ్డాక మా మిషన్లలో సగం గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి. ఈ దసరాలోగా కళ్యాణదుర్గం రైతుల సంఘం ఆర్డరు రాకపోతే షెడ్డు అద్దెకిచ్చేస్తానని మా నాయన తేల్చి చెప్పాడు. ఇచ్చేస్తే మా పనివాళ్లు ఏమవుతారు, ఇరవయ్యో ఏట నుంచి ఈ రేకుల కింద ఉడికిపోతున్న నేనేమవుతాను? ఆ మాట అడిగితే, నీకేం తల్లీ, నువ్వు మాటకారివి, ఎక్కడైనా బతుకుతావు అన్నాడు.

అందుకని వేసవి అంతా ఆ సంఘం పెద్ద ఎర్రప్ప వెంట పడ్డాను. మంచి మనిషే కానీ నానుస్తాడు. వాళ్లు ఊరూరా శెనక్కాయలు కొనే కేంద్రాలు పెడుతున్నారు. ప్రతి కేంద్రానికీ ఒక కాటా కావాలి.

"మా నాయన కాలం నుంచీ శేషయ్య కాటా మీదనే మాకు నమ్మకం పాపా," అన్నాడు ఎర్రప్ప చివరికి. "అయితే సంఘంలో సదువుకున్న పిల్లోళ్లు ఉండారు. మీ పెద్దరాయికి కాగితం ఉండాదా అని అడుగుతాండారు. దాన్ని ల్యాబులో తూకం ఏయించి కాగితం తీసుకోరాపో. ఆయుధపూజ నాడు మీ షెడ్డు కాడికే వచ్చి మాట ఇచ్చేస్తా."

పెద్దరాయి అంటే రాయి కాదు. ఇరవై కిలోల ఇత్తడి గుండు. కంపెనీ పెట్టిన రోజు మా తాత బెంగుళూరు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అప్పటినుంచి మా షెడ్డులో తయారైన ప్రతి కాటానూ దానితోనే సరిచేశాం. కొత్త కాటా మీద పెద్దరాయిని పెడతాం. ఇరవై చూపించేదాకా బిగించి, సడలించి, ఇరవై చూపించాక సీలు వేస్తాం. తర్వాత గవర్నమెంటు ముద్ర ఎలాగూ ఉంటుంది. చట్టం ప్రకారం అటూ ఇటూ కొంచెం తేడా ఉండవచ్చు, దాని లోపలే మేం ఎప్పుడూ ఉన్నాం, ఒక్క కాటా కూడా వెనక్కి రాలేదు.

ఇక అసలు చరిత్ర. హేమంత్ పుస్తకంలో లేనిది, మా అవ్వ రామసుబ్బమ్మ చెప్పేది. మా తాత మొదట వాళ్ల మామగారి నూనెమిల్లులో గుమాస్తా. అంటే మా అవ్వ పుట్టింట్లో. ఒకరోజు మామగారు కాటా ముల్లును కొంచెం ఇటు వంచమన్నాడు. మా తాత వంచనన్నాడు. మాటా మాటా పెరిగింది. "నీ కాటా నువ్వే పెట్టుకో, నా కాటా నేనే చేసుకుంటా" అని తాత బయటికొచ్చేశాడు. కలా లేదు, స్వప్నమూ లేదు. మామ మీద కోపంతో పుట్టిన కంపెనీ ఇది. పదేళ్లు తిరిగేసరికి రైతులు "శేషయ్య కాటా ఉంటేనే మూట దించుతాం" అని మొండికేస్తే ఆ మామగారే వచ్చి మా కాటా కొనుక్కున్నాడు. ఆ రోజు మా అవ్వ పాయసం చేసిందట. పుట్టింటివాళ్లకు కూడా ఒక గిన్నె పంపిందట. అవ్వ మంచిదే కానీ అంత మంచిది కాదు.

ఆ మిల్లు ఇప్పుడు అవ్వ తమ్ముడు సుబ్బన్న తాతది. ఆయనకు జీవితమంతా ఒకటే దిగులు. కొన్నప్పుడున్న సరుకు చెన్నై లారీకి ఎక్కించి బయట వేబ్రిడ్జి మీద తూయించేటప్పటికి తగ్గుతుంది. ఎలుకలు తింటున్నాయని ఆయన నమ్మకం. అందుకని పిల్లుల్ని పెంచాడు. ఒకటీ రెండూ కాదు, మిల్లులోకి అడుగుపెడితే నూనె వాసన కంటే ముందు పిల్లి వాసన తగిలేది. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కూడా ఎలుకల మాటే. "పాలు పోస్తాండా, ఉప్పుచేపలు తెప్పిస్తాండా, మన ఇళ్లల్లో యాడన్నా ఉండాదా ఇది? అయినా సరుకు తగ్గుతానే ఉండాది అక్కా" అని మా అవ్వ దగ్గర ఏడ్చేవాడు. శుద్ధ శాకాహారి, పాపం.

పెద్దరాయి ఆలనాపాలనా అంతా అవ్వదే. తాత పోయినా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి శుక్రవారం పొద్దున షెడ్డు వెనక కుళాయి దగ్గర పీట వేసుకుని, చింతపండు, ఇటుకపొడి వేసి, చీర కొంగు నడుముకు దోపి, ఇత్తడిలో తన ముఖం కనపడేదాకా తోముతుంది. చింతపండు నానబెట్టి ఇచ్చే పని చిన్నప్పటి నుంచీ నాది. తోమి, కడిగి, ఆరబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇస్తుంది. శనివారం పొద్దున పనివాళ్లు వచ్చేలోగా ఆ బొట్టు తానే తుడిచేస్తుంది.

"బొట్టు ఉండనీ అవ్వా, అందంగా ఉండాది" అని నేనొకసారి అన్నాను.

"బొట్టుకు బరువు ఉండదా ఏంది? కుంకంతో తూచి జనాల నోరు కొట్టమంటావా?" అని కసిరింది.

బొట్టు సంగతి వదిలేయండి, చేతి తడికి కూడా బరువుందని నమ్మే మనిషి. మా పెద్ద ఫిట్టరు జాకబ్ అన్న గుడ్డ లేకుండా పెద్దరాయిని పట్టుకుంటే "ఏమప్పా జాకబూ, నీ చెమటను కూడా ఇరవై కిలోల్లో కలిపి అమ్మమంటావా?" అని షెడ్డంతా వినపడేలా అరిచేది. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, క్షమాపణ చెప్పి మళ్లీ పట్టుకునేవాడు. అంత నిష్ఠ మా అవ్వది.

ఇంత నిష్ఠ గల మనిషి పెద్దరాయిని ఒంటరిగా ల్యాబుకు పంపిస్తుందా? తానూ వస్తానంది. బయల్దేరే ముందు, "పెద్దోళ్ల ఇంటికి పోతాంది, మురికిగా పోతే మనకే కదా నగుబాటు" అని మామూలు కంటే రెండింతలు తోమింది. హేమంత్ కారు తోలాడు. ముందు సీట్లో పెద్దరాయి, దానికి బెల్టు. వెనక నేనూ అవ్వా. నాకు కారులో కడుపు తిప్పుతుంది, ముందు కూర్చుంటానంటే అవ్వ ఒప్పుకోలేదు.

బెంగుళూరు ల్యాబులో తెల్ల చేతితొడుగులు వేసుకున్న కుర్రాడు పెద్దరాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంత పాతది ఇంత మెరుస్తోందేమని కన్నడంలో అడిగాడు. ఎలా శుభ్రం చేస్తారని కూడా అడిగాడు. అవ్వకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. చింతపండు ఎంత, ఇటుకపొడి ఎంత, ఏ చేత్తో పట్టుకుని ఏ చేత్తో రుద్దాలి, అన్నీ తన అనంతపురం కన్నడంలో చెప్పింది. యాభై ఏళ్లుగా ఒక్క శుక్రవారం తప్పలేదని కూడా చెప్పింది. కుర్రాడు కొంచెం మంచినీళ్లు తాగాడు. అతని ముఖం చూసి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, కానీ నేను కడుపులో తిప్పుడుతో ఉన్నాను.

కాగితం ఆయుధపూజ ముందురోజు హేమంత్ ఫోనుకు వచ్చింది. చదివి కుర్చీలో కూలబడ్డాడు. మా నాయన చదివి నిలబడ్డాడు. నేను లాక్కుని చూశాను. పెద్దరాయి ఇరవై కిలోలు లేదు. పది గ్రాములు తక్కువ.

"అరిగిపోయింది," అన్నాడు హేమంత్. "అవ్వ తోమి తోమి అరగదీసింది."

మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. రాయి తగ్గితే, ఆ రాయితో సరిచేసిన కాటా, ఇరవై కిలోలకు పది గ్రాములు తక్కువ పెట్టినా ఇరవై అనే చూపిస్తుంది. అంటే రైతు తెచ్చిన సరుకు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే తూగుతుంది. మూటకు పిడికెడు శెనక్కాయలు. మొదట్లో అంత ఉండి ఉండదు, నాలుగు కాయలేమో. ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చింది. చట్టం ఒప్పుకునే తేడా లోపలే ఉంది కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. శేషయ్య కాటా ధర్మం తప్పదని, మూట బరువు ఎప్పుడూ తగ్గదని రైతులు ఎందుకు పడిచచ్చారో అప్పుడు తెలిసింది. తగ్గదు మరి, ఎక్కువ చూపిస్తుంటే ఎందుకు తగ్గుతుంది! కొసరు వేయించుకునేవాడే తప్ప వేసేవాడు కాని వ్యాపారి, ఇన్నేళ్లు తనకు తెలియకుండా రైతుకు కొసరు వేశాడు.

"సుబ్బన్న తాత మిల్లులో…" అని మొదలుపెట్టాడు హేమంత్. ఫోనులో ఏవో లెక్కలు వేసి, "ఇన్నేళ్లకు ఒక లారీ సరుకు" అన్నాడు. నేను కుర్చీ పట్టుకుని నవ్వాను. ఆ పిల్లులు గుర్తొచ్చాయి. మా నాయన మాత్రం నవ్వలేదు.

"నవ్వుతాండావా? రేప్పొద్దున ఎర్రప్ప వచ్చి కాగితం అడిగితే ఏం చూపిస్తావు?" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. హేమంత్ అప్పటికే ఉపాయం ఆలోచించాడు. బెంగుళూరు పోయిన రోజే, ఎందుకైనా మంచిదని, కొత్త స్టీలు గుండు ఒకటి ల్యాబు కాగితంతో సహా కొని తెచ్చి బీరువాలో పెట్టాడట. దాన్ని పూజలో పెడదాం, దాని కాగితమే చూపిద్దాం, పాతదాన్ని గోనెసంచిలో చుట్టి అటకమీద పెడదాం అన్నాడు. తప్పని నాకు తెలుసు. కానీ ఆ ఆర్డరు కోసం వేసవంతా ఎండలో మాడింది నేను. సరే అన్నాను. అవ్వకు చెప్పకూడదనుకున్నాం.

చెప్పకుండా ఎలా కుదురుతుంది? మర్నాడు పొద్దున అవ్వ పూజకు పూలు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. మిషన్లకు మామిడాకులు కట్టారు, గుమ్మడికాయ సిద్ధంగా ఉంది, పెద్దరాయి పీటమీద తెల్లగా మెరుస్తూ స్టీలు గుండు కూర్చుంది.

"ఇదెవర్రా?" అంది అవ్వ.

హేమంత్ నన్ను చూశాడు. నేను మా నాయనను చూశాను. ఆయన మామిడాకుల వైపు చూశాడు. మా ఇంట్లో మగవాళ్ల ధైర్యం ఇంతే. నేనే చెప్పాను. పది గ్రాముల సంగతి, చింతపండు సంగతి, అటక సంగతి అన్నీ చెప్పేశాను.

అవ్వ పీట పక్కన కింద కూర్చుంది. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.

"బొట్టుకు బరువు ఉంటాదని తుడిచినా," అంది. "చెమటకు బరువు ఉంటాదని జాకబును తిట్టినా. మీ తాత ముల్లు వంచనని మా నాయనతో కొట్లాడి బయటికొచ్చినాడు. ఆ మనిషి కాటాను, ఆయన పేరును, నేనే నా చేతుల్తో అరగదీసినానా?"

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని "నీకు తెలిసి చేసినావా అవ్వా, పోనీలే" అన్నాను. చింతపండు నానబెట్టింది నేనే కదా అని కూడా అన్నాను. ఆమె విన్నట్టు లేదు.

అప్పుడే ఎర్రప్ప సంఘం మనుషులతో దిగాడు. వెనకే సుబ్బన్న తాత, కొత్త పంచెలో, పంచెమీద పిల్లి వెంట్రుకలతో వచ్చాడు. హారతి అయింది, గుమ్మడికాయ పగిలింది. అందరికీ ప్రసాదం పెట్టాక ఎర్రప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఏం పాపా, కాగితం వచ్చిందా?"

హేమంత్ స్టీలు గుండు కాగితం ముందుకు చాపాడు. ఎర్రప్ప అందుకునేలోగా అవ్వ లేచింది.

"అది దీనిది కాదప్పా, ఆగు," అంది. "హేమంతూ, అటక ఎక్కు. పెద్దరాయిని దించు."

హేమంత్ ఎక్కాడు. దించాడు. గోనెసంచి విప్పి అవ్వ పెద్దరాయిని అందరి ముందూ పెట్టింది. పెట్టి, ఎవరి మీదా వేయకుండా, దాచకుండా, తాను ఎలా తోమిందో, ఎంత తగ్గిందో, ఏ కాటా ఎటు తూగిందో మొత్తం చెప్పింది. నా ఆర్డరు నా కళ్లముందే గుమ్మంలోంచి బయటికి పోతున్నట్టు అనిపించింది. అవ్వ మీద కోపం వచ్చింది, ఆ కోపం మీద నాకే సిగ్గేసింది.

ఎర్రప్ప నోట్లో ప్రసాదం అలాగే ఉంది.

"అంటే అవ్వా," అన్నాడు నెమ్మదిగా, "ఇన్నేండ్లూ మాకు ఎక్కువ వచ్చినట్లా, తక్కువ వచ్చినట్లా?"

"ఎక్కువే వచ్చింది నాయనా."

"యాడ నుంచి వచ్చింది?"

అవ్వ తమ్ముడి వైపు చూసింది. సుబ్బన్న తాతకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక చేతిలో ఉన్న విస్తరాకు కిందపడింది.

"నా పిల్లులు!" అన్నాడు. "అక్కా! ఎలుకలు కాదా? ఒక్క ఎలుక కూడా కాదా? ఇన్నేండ్లు ఆ పిల్లులకు పాలు పోస్తి, శుద్ధమైన ఇంట్లో పుట్టి చేపలు కొంటి! పుట్టింటి సరుకంతా నీ చింతపండుకు కరిగిపాయనా?"

ముందు నవ్వింది జాకబ్ అన్న. తర్వాత సంఘం మనుషులు. తర్వాత నేను ఆపుకోలేకపోయాను. మా నాయన మామిడాకుల వెనక్కి పోయి నవ్వాడు. చివరికి సుబ్బన్న తాత కూడా, "నవ్వండి, నవ్వండి, పోయింది నా సొమ్మేగదా" అని తిడుతూనే నవ్వేశాడు. అవ్వ ఒక్కతే నవ్వలేదు. ఎర్రప్ప వైపే చూస్తోంది.

ఎర్రప్ప కళ్లు తుడుచుకుని పెద్దరాయిని ఒకసారి నిమిరాడు. గుడ్డ లేకుండానే. అవ్వ ఏమీ అనలేదు.

"అవ్వా, కొత్త కాటాలు కూడా ఈ పాతరాయితోనే పెడతారా?" అని అడిగాడు, కొంచెం ఆశగా.

"పెట్టం. తెలిసినాక పెడితే అది మోసం అయితాది. ఇంగ మీద స్టీలు గుండుతోనే. మీకు ఇష్టమైతే తీసుకోండి, లేకుంటే పోండప్పా."

లేకుంటే పోండి అంటుందా! వేసవంతా నేను తాగిన టీలు ఏం కావాలి?

ఎర్రప్ప తనవాళ్ల దగ్గరికి పోయి గుసగుసలాడాడు. చదువుకున్న పిల్లాడొకడు తల ఊపాడు. ఎర్రప్ప తిరిగొచ్చాడు.

"నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేదా అవ్వా?"

"తెలిసేది కాదు."

"మరి ఇంగ మేము యాడికి పోయేది? ఆర్డరు మీకే. పాపా, రాసుకో." నేను గాలి పీల్చుకునేలోగా వేలెత్తాడు. "అయితే ఒక షరతు. స్టీలు గుండు అయితే అయ్యింది గానీ, దాన్ని కూడా శుక్రవారం శుక్రవారం అవ్వే తోమాల. చింతపండుతోనే."

హేమంత్ ఓపికగా, ఇంజనీరు గొంతుతో, "అది స్టీలు అన్నా, చింతపండుకు అరగదు. అరిగినా యాభై ఏండ్లు పడుతుంది" అన్నాడు.

"పట్టనీలేప్పా," అన్నాడు ఎర్రప్ప. "మాకేం తొందర లేదు."

అప్పుడు నవ్వింది మా అవ్వ. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా వదిలేసి, పీట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది.

స్టీలు గుండును ఆమె చేతికివ్వలేదు లెండి. ఇప్పుడది గాజుపెట్టెలో ఉంటుంది, ఏడాదికోసారి బెంగుళూరు పోయి వస్తుంది. పెద్దరాయి మాత్రం పూర్తిగా అవ్వదైపోయింది. "ఇంగ దీన్ని ఎంత అరగదీసినా అడిగేటోడు లేడు" అని శుక్రవారం రెండుసార్లు తోముతోంది. ఇద్దరం కుళాయి దగ్గర కూర్చుంటాం. చింతపండు నేనే నానబెడతాను. చుట్టూ రెండు పిల్లులు తిరుగుతుంటాయి. సుబ్బన్న తాత వాటిని బుట్టలో తెచ్చి మా షెడ్డు ముందు దించి, "మీ కాటా వల్ల వచ్చినాయి, మీరే సాక్కోండి" అని పోయాడు.

హేమంత్ పుస్తకం మళ్లీ రాశాడు. స్వప్నం కొట్టేయించాను, దూరదృష్టి కొట్టేయించాను, మామ మీద కోపం పెట్టించాను. మొదటి పేజీలో తాత ఫోటో, కింద 'స్థాపకులు'. పక్కన అవ్వ ఫోటో వేయమన్నాను, కుళాయి దగ్గర, కొంగు దోపుకుని ఉన్నది. కింద ఏమని రాయాలో తెలియక హేమంత్ రెండు రోజులు తల గోక్కున్నాడు. నేనే పెన్ను లాక్కుని రాశాను: 'కంపెనీకి పేరు తెచ్చినవారు'.

అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో చూసుకుంది, కింద రాసింది నాతో చదివించుకుంది. బాగుందంది. తర్వాత కొంచెం ఆలోచించి, పది గ్రాముల సంగతి కూడా కింద రాయమంది.